కోపం లేదని రాశారట!

భోజనాలయ్యాయా? అయితే ఆ గోడకి కాస్త ఆనుకోండి, నిలబడితే కాళ్ళు లాగవూ! నా వడియాలు ఎండేదాకా నాకూ పనిలేదు.

మా ఆడపడుచు సంగతి చెప్పలేదు కదూ. వాళ్ళ పక్కింటి మునగచెట్టు విరిగి వీళ్ళ రేకుల షెడ్డు మీద పడింది. అసలే మునగ పెళుసు, గాలి ఊదితే చాలు. సరే, మొన్న పక్కింటివాళ్ళు వకీలు చేత ఉత్తరం రాయించారు. పదివేలిస్తాం, గొడవ వద్దని. పైన ఇంగ్లీషులో ‘విత్ అవుట్ ప్రెజుడీస్’ అని పెద్దక్షరాలు. “చూశావా వదినా, మన మీద కోపం లేదని రాశారు” అని మురిసిపోయింది. బీఏ చదివిన పిల్ల మరి! జేన్ ఆస్టిన్ నవల పేరులోని ప్రెజుడీస్ గుర్తొచ్చి ఉంటుంది.

మా బావగారు కోర్టు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన నవ్వలేక చచ్చారు. కోపతాపాల గోలే కాదట. ఇక్కడ ప్రెజుడీస్ అంటే హక్కుకి కలిగే నష్టం. చట్టాల తెలుగులో ‘భంగం కలగకుండా’ అంటారే, అది. రాజీ కోసం పదివేలన్నాం, కుదరకపోతే “మీరే ఒప్పుకున్నారుగా” అని రేపు కోర్టులో ఈ కాగితం చూపించొద్దని దానర్థం. 1872 నాటి సాక్ష్య చట్టంలో 23వ సెక్షనట. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 21. నంబరు మారింది, సంగతి అదే. అదీ సివిల్ దావాలకే.

కొందరు దీన్ని తాయెత్తులా ప్రతి కాగితానికీ కట్టేస్తారట. అద్దె బాకీ కట్టమని ఊరికే గద్దించే ఉత్తరం మీద కూడా! రాజీ మాటే లేనప్పుడు ఆ తాయెత్తేం కాస్తుంది? అదే నిజంగా రాజీ బేరమైతే, ఆ రెండు ముక్కలూ రాయకపోయినా, బయట పెట్టకూడదని ఇద్దరూ అనుకున్నట్టు కనిపిస్తే చాలు, కోర్టు దాన్ని పక్కన పెట్టేస్తుందట.

మా ఆడపడుచూ తక్కువదేం కాదులెండి. బేరం తెగకుండానే వాళ్ళు ఐదువేలు చేతిలో పెడితే, రసీదు మీద తనూ అదే ముక్క గిలికింది. ఇది తీసుకున్నంత మాత్రాన మిగతాది వదులుకోలేదని! పడిన చెట్టు మునక్కాడలు పంపితే అవీ తీసుకుంది, మాటలు మాత్రం లేవు. నాకో కట్ట ఇచ్చింది. మీకు నాలుగు ఇమ్మంటారా? రసీదు అక్కర్లేదులెండి.