ఎర్రగీత

బ్రాడీపేటలో ఓ ఆసుపత్రి ఐసీయూ బయట నిలబడి నాన్న కల్చర్ రిపోర్ట్ చదివాను. క్లెబ్సియెల్లా. యాంటీబయాటిక్ పేర్ల పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్. రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదని. మెరోపెనెమ్‌కీ అంతే. మిగిలింది కొలిస్టిన్, కిడ్నీల్ని దెబ్బతీయగల పాత మందు.

1948లో ఆరియోమైసిన్‌ని లోకానికిచ్చిన పరిశోధనని నడిపించింది మన ఎల్లాప్రగడ సుబ్బారావేనని చిన్నప్పుడు గర్వంగా చెప్పేవాడు నాన్న. నేనేమో జలుబు చేస్తే చాలు, డాక్టరు చీటీ లేకుండా అజిత్రోమైసిన్ కొనేవాణ్ణి. జలుబు వైరస్‌ని ఆ మందు ఏమీ చేయదు. ఒంట్లోని బ్యాక్టీరియాకి మాత్రం తర్ఫీదిస్తుంది.

నాన్నకి ఇది ఆసుపత్రిలోనే సోకి ఉండొచ్చు. అయినా నా చేయి లేదని అనలేను.

బ్యాగులో ఒక్క బిళ్ళ మిగిలిన స్ట్రిప్ ఉంది. దానిమీద నిలువుగా ఎర్రగీత, చీటీ లేకుండా వాడొద్దని. ఇన్నాళ్ళూ అది డిజైన్ అనుకున్నాను.