బీరువాలో ఉన్న ఆ చిన్న కెమెరా తియ్యండి

ఏవండీ, మీ బీరువాలో పట్టుచీరల వెనకాల ఓ చిన్న డిజిటల్ కెమెరా ఉండాలే! చొక్కా జేబులో పట్టేది, బటన్ నొక్కగానే చుయ్యిమని లెన్సు బయటికి చాచేది. "అదా, పాడైపోయిందండీ" అంటారా? ఎవరన్నారు? ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది అడిగిందేదో చిన్న కోరిక అయి ఉంటుంది. మీరు వినిపించుకోకుండా లోపల పెట్టి తాళం వేసేశారు. తియ్యండి బయటికి. కాలేజీ పిల్లలు సెల్‌ఫోన్లు పక్కనపెట్టి మరీ ఇలాంటివాటి కోసం వెతుక్కుంటున్నారు, తెలుసా?

ముందు సెల్లుల సంగతి. మీది పెన్సిల్ సెల్లులు వేసే రకమా? అయితే గోడగడియారంలోవి పీకి వెయ్యకండి బాబూ. గడియారాన్ని నెలల తరబడి నడిపిన సెల్లు కెమెరాలో నిమిషానికే చేతులెత్తేస్తుంది. గడియారం చుక్కచుక్కగా తాగుతుంది. కెమెరా లెన్సు చాచేటప్పుడూ, ఫ్లాష్ నింపుకొనేటప్పుడూ ఒక్క గుక్కలో లాగేస్తుంది. ఛార్జింగ్ పెట్టుకొనే నికెల్ సెల్లులు తెచ్చుకోండి. వాటిమీద 1.2 వోల్టులనే ఉంటుంది, మామూలువాటి మీద 1.5. తక్కువేమిటని షాపువాడితో పేచీ పెట్టుకోకండి. ఆ 1.2 ని దాదాపు చివరిదాకా నిలబెట్టుకోవడంలోనే ఉంది వాటి గొప్పంతా.

ఆన్ అయిందా? తారీఖు అడుగుతోందా? అడగనివ్వండి. గడియారం కోసం లోపల ఇంకో బుల్లి బ్యాటరీ ఉంటుంది, అది ఖాళీ అయింది. చాలా మోడళ్లలో పెద్ద బ్యాటరీ నిండుగా పెట్టి ఒక రోజు వదిలేస్తే అదే మళ్లీ నిండుతుంది.

ఇక కార్డు. తెర మీద "కార్డ్ లాక్డ్" అని పడిందా? బయటికి తీసి, పేరున్న వైపు మీకేసి, తెగ్గోసిన మూల పైకి వచ్చేలా పట్టుకోండి. ఎడమ అంచున గోటితో జరపగలిగే ప్లాస్టిక్ ముక్క కనిపించిందా? కిందికి జారితే తాళం పడ్డట్టు, పైకి తోస్తే తీసినట్టు. కార్డు దూర్చేటప్పుడు అదే జారిపోతూ ఉంటుంది. నాకు భలే నచ్చే విషయం చెప్పనా? ఆ ముక్కకీ కార్డు లోపలి చిప్‌కీ ఏ సంబంధమూ లేదు! కెమెరాలో ఉన్న చిన్న స్విచ్ దాన్ని తడిమి చూసుకుంటుంది, అంతే. ముక్క ఊడి ఎక్కడో పడిపోయిందనుకోండి, ఆ గాడి మీద సన్నటి టేపు అంటించండి. కెమెరా ఎప్పటిలా ఫొటోలు రాసుకుంటుంది.

అన్నట్టు, కొత్త 64 జీబీ కార్డు పెట్టి "చదవట్లేదు" అంటే ఎలాగండీ? మొదటి తరం ఎస్‌డీ కార్డులు 2 జీబీ దాకానే. 32 దాకా వెళ్లే ఎస్‌డీహెచ్‌సీ 2006లో వచ్చింది. అంతకు ముందటి కెమెరా అయితే పాత 2 జీబీ కార్డే దానికి పథ్యం.

పాపాయి పుట్టినరోజు ఫొటోలు పొరపాటున చెరిపేశారా? ఆగండి, ఇంకొక్క ఫొటో కూడా తియ్యకండి! చెరిపినప్పుడు పోయేది ఫొటో కాదు, ఫలానా చోట ఉందన్న రాత. దాని మీద కొత్తది రాయనంతవరకు అది అక్కడే ఉంటుంది. కార్డుని కంప్యూటర్‌కి తగిలించి ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వెతికిస్తే చాలా మటుకు దొరుకుతాయి. దొరికినవి మాత్రం ఆ కార్డులోనే దాచకండి, కంప్యూటర్‌లో దాచండి.

లెన్సు సగం వచ్చి గర్రుమని ఆగిపోయిందా? సూర్యలంకకో భీమిలికో వెళ్లొచ్చారేమో గుర్తుచేసుకోండి. ఒక్క ఇసుక రేణువు చాలు. కటింగ్ ప్లేయరు జోలికి పోకండి, మీకు దణ్ణం పెడతాను! నిండు బ్యాటరీ పెట్టి, లెన్సు నేలవైపు తిప్పి, రబ్బరు బుడ్డితో అంచుల్లో గాలి కొట్టండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి.

ఇక నాకెంతో ఇష్టమైన కేసు. రాత్రి పెరట్లో ఫొటో తీస్తే తెల్లటి గుండ్రాలు తేలుతూ పడ్డాయి. "తాతయ్య వచ్చాడు" అని అమ్మమ్మ చేతులు జోడించేసింది. జోడించనివ్వండి, ఆవిడ ప్రేమ ఆవిడది. కెమెరాకి మాత్రం రోగమేమీ లేదు. ఈ బుల్లి కెమెరాల్లో ఫ్లాష్ లెన్సుని ఆనుకునే ఉంటుంది. ఎదురుగా ఎగిరే దుమ్ముకణం మీద వెలుగు దభాలున పడుతుంది. అంత దగ్గర్లో ఫోకస్ కుదరదు, అందుకని కణం కాస్తా పళ్లెమంత గుండ్రంగా పరుచుకుంటుంది. నమ్మకపోతే చీకట్లో డోర్‌మ్యాట్ దులిపి, ఫ్లాష్ వేసి ఒకటి నొక్కండి. ఇల్లంతా తాతయ్యలే!

ఏసీ గదిలోంచి బయటికి రాగానే మసక ఫొటోలా? అది లెన్సు మీద పట్టిన చెమ్మ. కెమెరాని కవర్లో మూసి బయటికి తెచ్చి, కాసేపు అలాగే ఉంచండి. చెమ్మ కవరు మీద పడుతుంది.

ఇన్ని చూశాం కాబట్టి ఇప్పుడు కెమెరా చేతే ఓ పని చేయిద్దామా? టీవీ రిమోట్ మొన్నటినుంచీ సతాయిస్తోందన్నారు కదూ! దాని మూతిని లెన్సుకేసి పట్టి బటన్ నొక్కుతూ తెరలో చూడండి. మన కంటికి కనపడని వెలుగు చాలా కెమెరాలకి కనపడుతుంది. లేత ఊదారంగులో మినుకుమంటోందా? రిమోట్ వెలుగు పంపుతోంది, ఇక టీవీ సంగతి చూడాలి. ఏమీ లేదా? అయితే గోడగడియారం సెల్లులు పీకండి, రిమోట్‌కి అవి చాలు.