చివర ఎక్కిన మంచం

మా వారిది బ్యాంకు ఉద్యోగం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఏడు ఊళ్ళు తిరిగాం. "సామాన్లు సర్దడంలో నీకు డాక్టరేటు ఇవ్వొచ్చు వదినా" అంటుంది మా ఆడపడుచు. అదేమీ అక్కర్లేదు గానీ, బదిలీ అనగానే బెంబేలుపడే వాళ్ళకి నాలుగు మాటలు చెప్పగలను.

కొత్త ఇంట్లో పారేద్దామనుకున్నది పాత ఇంట్లోనే పారెయ్యండి. మూతల్లేని డబ్బాలూ, డబ్బాల్లేని మూతలూ మాతోపాటు మూడు జిల్లాలు చూసొచ్చాయి. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే సర్దండి. పెద్దవాటిలో సర్దితే పెట్టె అడుగైనా ఊడుతుంది, ఎత్తేవాడి నడుమైనా పడుతుంది. ఆవకాయ జాడీకి వాసెన కట్టి, బకెట్లో నిలబెట్టి, చుట్టూ పాత చీరలు కుక్కండి. ఫ్రిజ్ ముందురోజే ఆపి తుడిచి, నిలబెట్టే తీసుకెళ్ళమనండి. దించగానే స్విచ్ వెయ్యకుండా కొన్ని గంటలు ఆగండి. వేరే ఊరైతే గ్యాసు సిలిండరూ, రెగ్యులేటరూ ఏజెన్సీలో అప్పజెప్పి, డిపాజిట్టు వెనక్కి తీసుకుని, వాళ్ళిచ్చే కాగితం భద్రంగా దాచండి. కొత్త ఊళ్ళో కనెక్షను ఆ కాగితం మీదే. పాలు పొంగించే గిన్నె, కరెంటు పొయ్యి, మందులు, పిల్లల సర్టిఫికెట్లు మాత్రం లారీ ఎక్కనివ్వకండి. మీ చేతిసంచీలోనే ఉండాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది లారీ సూత్రం. చివర ఎక్కింది ముందు దిగుతుంది. ఇంత చిన్న సంగతి నాకు రాజమండ్రి నుంచి కర్నూలు వెళ్ళినప్పుడు గానీ తెలిసిరాలేదు.

మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చుంటే లేవలేరు. ఆవిడ నవారు మంచం పెద్దది కదా అని అన్నిటికంటే ముందు, లారీలో లోపలికంటా పెట్టించాను. కర్నూలు చేరేసరికి రాత్రి పది దాటింది. కూలీలు సగం దించి, మిగతాది పొద్దున్న చూద్దామని వెళ్ళిపోయారు. మేమంతా దుప్పట్లు పరుచుకుని నేలమీద వాలాం. "నాకు నిద్ర రావడం లేదులే అమ్మాయ్, మీరు పడుకోండి" అని ఆవిడ ట్రంకుపెట్టె మీద గోడకి చేరగిలబడ్డారు. అలసిపోయి ఉన్నానేమో, ఆ మాట నమ్మేసి నిద్రపోయాను. తెల్లారి లేచి చూస్తే ఆవిడ పాదాలు పొంగి ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఆ తర్వాత ప్రతి బదిలీకీ మంచం చివర ఎక్కేది, ముందు దిగేది. పొయ్యికంటే ముందు దాన్నే వేసేవాళ్ళం. ఆవిడ దానిమీద కూర్చుని "ఆ పెట్టె అటు కాదు, ఇటు" అంటూ పురమాయిస్తుంటే, అది మా ఇల్లనిపించేది.

కిందటేడు ఆవిడ పోయారు. మొన్న మళ్ళీ ఇల్లు మారాం. సామాన్లు కట్టే వాళ్ళు వచ్చారు. చెత్తబుట్టని చెత్తతో సహా కట్టేసేటంత చురుకైన వాళ్ళు. "పాత మంచమేగా అమ్మా, ముందే లోపల వేసేద్దామా?" అన్నాడొక కుర్రాడు.

"వద్దు నాయనా, చివర ఎక్కించు" అన్నాను. మా వారు నావైపోసారి చూసి, ముఖం తిప్పుకున్నారు.

కొత్త ఇంట్లో మంచమే ముందు దిగింది. పాలు పొంగించి, కాఫీ గ్లాసుతో దానిమీద కూర్చున్నాను. కుర్రాళ్ళు అట్టపెట్టె ఒకటి వంటింట్లోకి మోసుకెళుతున్నారు.

"ఆ పెట్టె అటు కాదు, ఇటు" అన్నాను.