బుజ్జికూనకు బీచే బడి!

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోవడం తేలికే. దానికి లోకాన్ని పరిచయం చేయడమే అసలు పని. ఆ చదువుకు విశాఖ బీచ్‌రోడ్డును మించిన బడి దొరకడం కష్టమే!

తెల్లవారుజామున విశాఖపట్నం బీచ్‌రోడ్డు పూర్తిగా పాదచారులదే. కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి పార్క్ హోటల్ దిక్కుగా సాగే దారిలో పొద్దున్నే కొంతసేపు వాహనాలను ఆపేస్తారు. హారన్ల మోత ఉండదు. ఒకపక్క అలల హోరు, మరోపక్క నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు... వాళ్ల మధ్యలో తమ కాళ్లకు తామే అడ్డంపడుతూ కుక్కపిల్లలు! బొద్దుగా లాబ్రడార్లు, చెవులింకా నిలబడని జర్మన్ షెపర్డ్‌లు, వీధిలో దొరికితే ఇంటికి తెచ్చుకున్న నాటు కూనలు. కూన ఒకవైపు, యజమాని మరోవైపు లాగుతుంటే 'ఏటి బాబూ... నువ్వు దాన్ని నడిపిస్తన్నావా, అదే నిన్ను నడిపిస్తందా?' అంటూ పక్కనుంచి నవ్వుతూ వెళ్లే పెద్దాయనలూ ఇక్కడ మామూలే.

తొలి షికారు చంకలోనే!

కుక్కపిల్లకు మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా చాలా కీలకం. ఆ వయసులో చూసినవీ విన్నవీ దానికి మామూలైపోతాయి. నాలుగ్గోడల మధ్యే పెరిగితే పెద్దయ్యాక గొడుగును చూసినా భయమే, సైకిల్‌ను చూసినా అరుపే. చిక్కేమిటంటే... టీకాలు పూర్తికాని వయసూ అదే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూణ్నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా టీకాలు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలప్పుడు. ఈలోగా నేలమీద వదిలితే పార్వో వైరస్ ముప్పు. కూనలకు రక్త విరేచనాలు తెప్పించి ప్రాణం తీసే ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది.

అలాగని ఇంట్లో బంధించనక్కర్లేదు. చంకనెత్తుకుని తిప్పొచ్చు. కాలు నేలకు తగలకపోయినా కళ్లూ చెవులూ ముక్కూ పనిచేస్తూనే ఉంటాయిగా! ఎప్పుడు కిందికి దించాలన్నది పశువైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

అడుగుకో పాఠం

ఆర్‌కే బీచ్‌లో కాళికాలయం గంటలు వింటే కూన చెవులు రిక్కిస్తుంది. ఇంకొంచెం ముందుకెళితే ఇసుకలో నల్లటి కొండలా ఐఎన్‌ఎస్ కురుసుర. 2002లో మ్యూజియంగా మారిన జలాంతర్గామి ఇది. రోడ్డుకు అవతల 2017లో ప్రారంభమైన టీయూ-142 యుద్ధవిమానం. మనకవి చూడదగ్గ వింతలైతే, కూనకు 'ఇంత పెద్దవి కూడా ఏమీ చేయవు' అని చెప్పే పాఠాలు. భయపడి ఆగిపోతే లాగకూడదు. దూరంగానే నిలబడి, ఉడికించిన చికెన్ ముక్క చిన్నది పెట్టి, అది తనంతట తాను అడుగేసేదాకా ఆగాలి.

తాడు బిగిసేలా లాగితే అక్కడే ఆగిపోవడం, వదులు కాగానే కదలడం... నడక నేర్పడంలో సూత్రమిదే. నాలుగు రోజుల్లో వచ్చేది కాదు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. నాన్న 'ఆగు' అని, పిల్లలు 'స్టాప్' అని, తాతయ్య 'ఏయ్' అని అంటే పాపం, దానికేం అర్థమవుతుంది? పిలిచినప్పుడు ఆలస్యంగా వచ్చినా సరే, మెచ్చుకోవాలే తప్ప తిట్టకూడదు. తిడితే మర్నాటి నుంచి అసలే రాదు.

ముంత మసాలా బళ్లు, మొక్కజొన్న పొత్తుల పొగలు, జనం తోపులాట... సాయంత్రం బీచ్ పై తరగతి చదువు. పొద్దుటి పాఠాలు వచ్చాకే అక్కడికి. పెదజాలరిపేట వైపు తెప్పలు, వలలు, చేపల వాసన ఇంకా పెద్ద పరీక్ష. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన చేపల్నీ జెల్లీచేపల్నీ నోట పెట్టకుండా 'వద్దు' అనగానే వదిలేయడం తప్పక నేర్పాలి.

ఎండ ముదరకముందే...

తారురోడ్డు మీద అరచేతిని వెనక్కి తిప్పి ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కూన పాదాలూ కాలతాయని అర్థం. వేసవిలో పెందలాడే ఇల్లు చేరాల్సిందే. ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి సీసాలో మంచినీళ్లు వెంట ఉండాలి. ఇంటికెళ్లాక ఒళ్లు కడిగి, చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో చూడాలి.

ఇసుక అందరిదీ

బీచ్‌కొచ్చే అందరికీ కుక్కలంటే ఇష్టం ఉండాలని లేదు. 'ఏం చేయదండీ' అన్న మాటకన్నా తాడు దగ్గరగా పట్టుకోవడమే ఎదుటివారికి ధైర్యం. మలాన్ని కవర్లోకి ఎత్తి చెత్తడబ్బాలో వేయడం కూడా ఆ మర్యాదలో భాగమే.

ఈ తీరానికి మరో అతిథి కూడా ఉంది. చలికాలం చివర్లో రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కోటీ సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఈలోపు కుక్కలు ఆ గోతుల్ని తవ్వేస్తుంటాయి. అందుకే అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంది. ఆ కంచెలోకి చేరని గూళ్లకు మాత్రం కాపలా ఎవరూ ఉండరు. అలాంటి చోట వాసన తగిలి ఇసుకను గీరబోయిన కూన, 'వద్దు' అన్న ఒక్క మాటకు తల తిప్పి వచ్చేస్తే... అది నేర్చిన చదువు ఓ వంద ప్రాణాలకు రక్ష!