ఏ వూరి వకీలు?

"లా ఎక్కడ చదవాలి?" అని అడిగే విద్యార్థికి మనం సాధారణంగా చెప్పే సమాధానం ఒకటే: వచ్చిన సీట్లలో పేరున్నది ఏదో చూసి అక్కడ చేరమంటాం. నేనూ అదే చెప్పాను. ఆ సలహాలో వున్న పొరపాటును మా వూరి అమ్మాయి నాకు విప్పి చెప్పవలసి వచ్చింది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు న్యాయశాస్త్రం గురించి వ్రాసే అధికారం ఎంత వుందో నేనెరుగుదును. కాని ఇది న్యాయశాస్త్రానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఎవరి మాట కాగితం మీదికి ఎక్కుతుంది, ఎవరి మాట ఎక్కదు అన్న ప్రశ్న ఇది. అందువల్ల ఈ పత్రిక పాఠకుల ముందు పెట్టడానికి సాహసిస్తున్నాను.

మా వూరు బోరంచ. నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీర పక్కన వుంటుంది. మావాళ్ళు నారాయణఖేడ్‌ను వట్టి ఖేడ్ అనే అంటారు. 1956 నవంబరు 1 దాకా ఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోది. హైదరాబాదు రాష్ట్రాన్ని భాషలవారీగా విభజించినప్పుడు బీదరు మైసూరు రాష్ట్రానికి పోయింది; ఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిసింది. 2016 నుంచి మాది సంగారెడ్డి జిల్లా. జిల్లాలు మారాయి గాని జనం మాట మారలేదు. మా సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల నుంచి వచ్చేవారి లంబాడీ మాట, అన్నీ ఒకే బేరంలో కలుస్తాయి. నిజాం కాలంలో అదాలతు భాష ఉర్దూ. ఆ కాలం పోయినా దాని మాటలు మిగిలాయి. వాయిదాను మా వూళ్ళో ఇప్పటికీ పేషీ అనే అంటారు. మా తాతలకు ఉర్దూ కాగితం అర్థం కాలేదు. మా అమ్మకు ఇంగ్లీషు కాగితం అర్థం కాలేదు. మధ్యలో స్వాతంత్ర్యం వచ్చింది.

2011లో మా అమ్మ కోర్టులో సాక్ష్యం చెప్పింది. నేనప్పుడు ఎం.ఏ. చదువుతున్నాను. మా తాత, ఆయన తర్వాత మా నాయన నాలుగెకరాల చెల్క పాలుకు చేసేవారు. పట్టా ఇంకొకరిది, దుక్కి, విత్తనం, కష్టం మావి, పండినదానిలో పట్టాదారుకు వాటా. నాయన పోయాక భూమి చేతులు మారింది. కొన్నవారు ఒకనాడు ట్రాక్టరు తెచ్చి పెసర చేను మీద తోలారు. మేము ఇంజంక్షన్ దావా వేశాం. అటువంటి దావాలో కోర్టు ముఖ్యంగా చూసేది ఒక్కటే: దావా వేసిన నాటికి భూమి ఎవరి కబ్జాలో వుంది?

సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు 2002లో వచ్చిన సవరణ తర్వాత, సాక్షి మొదటి వాఙ్మూలాన్ని బోనులో నోటితో చెప్పే పద్ధతి పోయింది. అది వకీలు ఆఫీసులో అఫిడవిట్‌గా తయారై వస్తుంది. అవతలి వకీలు క్రాసుకు మాత్రం బోనెక్కాలి. మా అమ్మ మా వకీలుకు చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "ఆ చెల్క మా అత్త కాలం నుంచి మేమే పాలుకు జేస్తున్నం." ఇంగ్లీషు కాగితంలో అది "ఆ భూమిలో పని చేస్తున్నాము" అని తేలింది. అమ్మ వేలిముద్ర వేసింది. క్రాసులో అవతలి వకీలు, "నువ్వు ఆ చెల్కలో పని చేసేదానివి, అవునా కాదా?" అని అడిగాడు. "ఔ, పని జేస్తం. జెయ్యకుంటె పంటెట్ల వస్తది? పంట మాది గదా" అన్నది అమ్మ. "అవును, పని చేసేదాన్ని" అన్న ముక్క రికార్డుకు ఎక్కింది. మిగిలింది గాలిలో పోయింది. తీర్పు వచ్చేనాటికి మేము ఆ చెల్కలో కూలివాళ్ళం. కూలివానికి కబ్జా ఎక్కడిది?

మా వకీలు చెడ్డవాడు కాడు. ఫీజుకు పీడించలేదు. వేరే జిల్లావాడు, పట్నంలో ఇంగ్లీషులో చదువుకున్నవాడు. "పాలు" అనే మాటలో ఎంత బతుకు వుందో ఆయనకు తెలియదు. ఇక నేను? ప్రబంధంలో ఒక శ్లేషకు మూడర్థాలు చెప్పగలిగిన నేను, కన్నతల్లి నోటి మాటకు ఒక్క అర్థం చెప్పించలేకపోయాను. అప్పీలు వేశాం. అక్కడా అదే కాగితం, అదే ముక్క. దావా ఓడిపోయింది.

అప్పటినుంచి నాలో ఒక పట్టుదల పెరిగింది. మా వూరినుంచి ఒక్కరైనా పెద్ద వకీలు కావాలి, పెద్ద కోర్టులో నిలబడాలి అని. అది న్యాయం మీద ప్రేమ అనుకున్నాను. అందులో సగం పరువు అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బి.ఏ. ముగించిన మా వూరి అమ్మాయి ఒకతె మూడేళ్ళ లా కోర్సుకు పరీక్షలు వ్రాసింది. కాలేజీలో నన్ను సార్ అంటుంది. వూళ్ళో అన్నా అంటుంది. ఆమెకు మూడు దారులు తెరుచుకున్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సీటు; లాసెట్ ద్వారా ఉస్మానియాలో సీటు; ఇంటి నుంచే పోయిరాగల బీదరులో మరొకటి. ఆమె తల్లిదండ్రులకు బీదరు నచ్చింది. నేను ఢిల్లీ అన్నాను. గట్టిగానే అన్నాను. ఫీజు కట్టే గడువు రెండు రోజులు వుందనగా వాళ్ళింటికి పోయి మళ్ళీ అదే చెప్పాను. ఆ అమ్మాయి అంతా విని నిదానంగా అడిగింది:

"అన్నా, పెద్దమ్మ సాక్ష్యం ఏ కోర్టుల చెప్పింది?"

"నీకు తెలియదా? కింది కోర్టులో."

"పైకోర్టోళ్ళు పెద్దమ్మను పిలిచి అడిగిన్రా?"

"లేదు. కాగితాలు చూశారు."

"గా కాగితాలు రాసేకాడ మనోళ్ళు లేకపాయిరి. ఇగ పైన ఎంత పెద్ద వకీలుంటే ఏం జేస్తడు? నేను కాగితాలు రాసేకాడ ఉండాల్నని సదువుతున్న."

నాకు కోపం వచ్చింది. "నీది చిన్న ఆశ" అనేసి లేచి వచ్చాను. దారి పొడుగునా ఆలోచించాను. ఆలోచించినకొద్దీ ఆమె మాటకు బదులు దొరకలేదు.

నిజానికి చట్టం ఆమె చెప్పినట్లే నడుస్తుంది. మొదటి అప్పీలులో వాస్తవాలను మళ్ళీ తూచవచ్చు గాని, తూచేది కింది కోర్టు రికార్డునే. కొత్త సాక్ష్యాన్ని చాలా అరుదుగా మాత్రమే రానిస్తారు. రెండో అప్పీలు హైకోర్టుకు పోతే సెక్షన్ 100 ప్రకారం ముఖ్యమైన న్యాయ ప్రశ్న వుంటేనే వింటారు. "పాలు" అంటే కూలి కాదు అని అక్కడ మొత్తుకున్నా లాభం లేదు. సాక్షి వాడిన మాటను, అడిగిన ప్రశ్నతో సహా, వున్నది వున్నట్లు వ్రాయించమని కోరే అవకాశం ఆర్డర్ 18లోని పదో నియమంలో వుంది. కాని కోరాలంటే ఆ క్షణంలో, ఆ హాలులో, ఆ మాట విలువ తెలిసినవాడు నిలబడి వుండాలి. పేదవాని కేసు గెలుపోటములు ఎక్కువగా తేలేది ఆ క్షణంలోనే. మనం మాత్రం తెలివైన పిల్లలందరినీ ఆ హాలు నుంచి వీలైనంత దూరం పంపుతున్నాం.

చదివిన చోటును బట్టి నిలబడగల కోర్టు నిర్ణయమయ్యే కాలం ఒకటి వుండేది. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా సంపాదిస్తున్నా, ఆ పట్టాతో హైకోర్టులో వాదించే హక్కు లేదు. అందుకోసం ఆయన ఇంగ్లండు పోయి బారిస్టరై 1907లో తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో చేరారు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ఈ అంతస్తులను తీసివేసింది. ప్రాక్టీసు చేసే హక్కు అడ్వకేట్లు అనే ఒకే వర్గానిది అన్నది. ఏ కోర్టులోనైనా ప్రాక్టీసు చేసే హక్కు ఇచ్చిన ముప్పయ్యో సెక్షన్ మాత్రం 2011 జూన్‌లో గాని అమలుకు రాలేదు. ఇప్పుడు గుర్తింపు వున్న ఏ కాలేజీలో చదివినా, ఎక్కడ ప్రాక్టీసు చెయ్యదలచుకున్నారో ఆ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కితే చాలు. ఆ నమోదుకు కూడా చట్టంలో వున్న 750 రూపాయలకు, ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకైతే 125 రూపాయలకు, మించి వసూలు చేయరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చట్టం గోడలు తీసింది. మరి చదివే చోటుతో పనిలేదా? వుంది. బీదరు సంగతి చూడండి. అక్కడ భూమి చట్టాల పాఠంలో చెప్పేది కర్ణాటక చట్టాలు: 1961 నాటి భూసంస్కరణల చట్టం, 1964 నాటి భూమి శిస్తు చట్టం. ఖేడ్ రైతు బతుకును పట్టి వుంచేవి వేరు: 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం, 1971 నాటి హక్కుల రికార్డు చట్టం, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి చట్టం, దాన్నీ తీసేసి 2025లో తెచ్చిన భూభారతి. ఒకనాడు ఒకే జిల్లాగా, ఒకే కౌలు చట్టం కింద వున్న రెండు వూళ్ళ మధ్య ఒక గీత పడితే, ఇటువాని దస్తావేజు అటు వకీలుకు పరాయిదైపోయింది. ఢిల్లీలో ఈ రెండింటిలో ఏదీ చెప్పరు. అక్కడ తర్కం బాగా నేర్పుతారు, గొప్ప గ్రంథాలయం వుంటుంది, ఆ మేలును నేను కాదనను. కాని మూడేళ్ళ సెలవుల్లో ఏ సీనియరు దగ్గర కూర్చుంటారో, ఏ బెంచీ గుమాస్తాను ఎరుగుతారో, ఏ భాషలో కక్షిదారుని మాట వింటారో, అదంతా చదివే వూరిని బట్టే ఏర్పడుతుంది.

1988లో బెంగుళూరులో తరగతులు మొదలుపెట్టిన జాతీయ లా స్కూలు గాని, 1998లో మన హైదరాబాదులో పెట్టిన నల్సార్ గాని మంచి చదువే చెబుతున్నాయి. వాటి ప్రవేశ పరీక్ష క్లాట్ ఇంగ్లీషులో మాత్రమే వుంటుంది. వాటి పట్టభద్రుల్లో చాలామంది పెద్ద కంపెనీల పనిచూసే సంస్థలకు పోతున్నారు. తప్పు ఆ పిల్లలది కాదు. కింది కోర్టులో కొత్త జూనియరుకు రెండు మూడేళ్ళు చేతికి వచ్చేది బస్సు ఛార్జీలకు కూడా చాలదు. అప్పు చేసి చదివినవాడు ఎక్కడికి పోతాడు?

మిత్రులు కొందరు అడగవచ్చు: అయితే పల్లె పిల్లలు పల్లె కోర్టుకే పరిమితం కావాలా? పై కోర్టులు డబ్బున్నవారి పిల్లలకు వదిలేద్దామా? అలా అనడం నా ఉద్దేశం కాదు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ ఆలస్యంగా లా చదివి హైదరాబాదులో హైకోర్టు వకీలుగానే పనిచేశారు. అయితే అంతకు ముందు ఏళ్ళ తరబడి వూళ్ళు తిరిగి, బాధితుల మాట వారి నోటనే విన్నారు. రావిశాస్త్రి మద్రాసులో లా చదివి, ప్రాక్టీసు మాత్రం విశాఖపట్నంలో పెట్టారు. మద్యనిషేధం నాటి కోర్టులను, అక్కడ నిలబడ్డ బీదలను చూసినవాడు కాబట్టే "ఆరు సారా కథలు" వ్రాయగలిగారు. ఆ మాటను మనం సాహిత్యంలో మెచ్చుకుంటాం. రికార్డులో అదే మాట తప్పిపోతే పట్టించుకోం. కనుక పల్లెనా పట్నమా అన్నది కాదు అసలు సంగతి. ఎవరికోసం నిలబడదలచుకున్నామో ముందు తేల్చుకోవాలి. చదివే చోటు దాన్నిబట్టి తేలుతుంది. మనం తలకిందులుగా నడుస్తున్నాం.

భాష విషయమూ అంతే. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టుల భాషను ఇంగ్లీషుగా వుంచింది. రాష్ట్రపతి సమ్మతితో ఇతర భాషకు వీలు కల్పించింది కూడా. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ ఆ వీలును హిందీకి వాడుకున్నాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు వెలువరిస్తే అది వార్త అయింది. మంచి వార్తే. కాని తీర్పు తెలుగులో వస్తే చాలదు. దానికి ఆధారమైన సాక్ష్యం తెలుగులో, అదీ సాక్షి తెలుగులో, రికార్డు కావాలి. "పాలు"ను "పని" చేసిన కాగితం మీద ఎంత చక్కని తెలుగు తీర్పు వ్రాసినా మా అమ్మ ఓడిపోయేది.

మర్నాడు పొద్దున నేను వాళ్ళింటికి మళ్ళీ పోయాను. ఢిల్లీ మాట ఎత్తలేదు. ఆ అమ్మాయి ఉస్మానియాలో చేరింది. బీదరు వద్దనుకున్నది చట్టాల కోసం, ఢిల్లీ వద్దనుకున్నది మనుషుల కోసం. ఈ నిర్ణయం సుఖమైనదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఆమె తండ్రి కొంత పత్తి సొమ్ము ముందే వాడుకున్నాడు. చదువయ్యాక ఖేడ్‌లో తొలి ఏళ్ళు ఎలా గడుస్తాయో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఇటువంటి ఎంపికను ఒక్క బీద పిల్ల ధైర్యం మీద వదిలివేయడం సమాజానికి గౌరవం కాదు. జూనియర్లకు జీవనభృతి, తెలుగులో పనికివచ్చే లా పుస్తకాలు, జిల్లాల్లో మంచి గ్రంథాలయం గల లా కాలేజీలు మనం అడగవలసినవి. విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు ఈ కోరికలను తమవిగా చేసుకోవాలి.

తెలుగు చెప్పేవారికి వేరే పని కూడా వున్నది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. పాలు, గుత్త, కౌలు, జీతం, కబ్జా, ఖుష్కి, తరి, శికం అని ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క మాట వ్రాసి, కింద ఖాళీ వదిలింది. "వూళ్ళె ముసలోళ్ళను అడిగి ఒక్కొక్కదానికి సరిగ్గ ఏమర్థమో రాసియ్యి అన్నా, నాకు కోర్టుల పనికొస్తది" అన్నది.

మొదటి పేజీ నింపడానికి మా అమ్మ దగ్గర కూర్చున్నాను. పాలు అంటే ఏమిటో ఆమె చాలాసేపు చెప్పింది. ఈసారి ఒక్క ముక్క కూడా వదలకుండా వ్రాసుకున్నాను.