తీగెలు చూసే ఉద్యోగం

సావనీరుకి వ్యాసం అడగవచ్చిన విద్యార్థి సంఘం కార్యదర్శి, "సార్, కాస్త ఉత్తేజకరంగా ఉండాలి" అని ఒక షరతు కూడా పెట్టి వెళ్ళాడు. నాకు తెలిసిందల్లా విమానాల్లో తీగెల సంగతి. ఈ కాలేజీలోనే ఎలక్ట్రికల్ చదివి, మెషీన్స్ ల్యాబులో ఇండక్షన్ మోటార్లు తిప్పి తిప్పి, చివరికి విమానాల మెయింటెనెన్సులో తేలాను. పదహారేళ్ళు హేంగర్లో పనిచేశాను. ఇప్పుడు కొన్నేళ్ళుగా అదే పని కొత్తవాళ్ళకి నేర్పుతున్నాను. కనుక ఉత్తేజం సంగతి సంపాదకవర్గం వారు చూసుకుంటారు, తీగెల సంగతి నేను వ్రాస్తాను.

మా ఉద్యోగం మనవాళ్ళకి ఒక పట్టాన అర్థం కాదు. నాకు సంబంధాలు చూసే రోజుల్లో మా పెదనాన్నగారు "కుర్రాడు విమానాల ఇంజనీరండీ" అని గొప్పగా మొదలుపెట్టేవారు. "అయితే విమానం నడుపుతాడా?" "నడపడు." "తయారు చేస్తాడా?" "తయారూ చెయ్యడు." "మరేం చేస్తాడండీ?" "తీగెలు చూస్తాడు." ఆ సంబంధం అక్కడితో సరి. కానీ ఆలోచించి చూస్తే పెదనాన్నగారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మా పని ముప్పాతిక వంతు చూడటమే. ఆ చూడటమే నేర్పడం ఎంత కష్టమో నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టాక గాని తెలిసిరాలేదు.

ముందు ఎంత చూడాలో చెబుతాను. పాత బోయింగ్ 747లో ఉన్న వైర్లన్నీ ఒకదానికొకటి కలిపితే సుమారు 240 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ 380లో అయితే 500 కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళి తిరిగి ఇంటికి వచ్చినంత. ఆ 380 విమానానికి తీగెలే పెద్ద గండం తెచ్చాయి. హాంబర్గులో ఇంజనీర్లు డ్రాయింగులకి వాడిన సాఫ్ట్‌వేరు ఒక వెర్షను, తులూజ్‌లో వాడినది ఇంకొకటి. తీరా అమర్చబోతే వైరు కట్టలు చాలక పొట్టిపడ్డాయి. 2006లో ఆ ఒక్క తంటాతో విమానాల డెలివరీ వాయిదాల మీద వాయిదాలు పడింది. ఇక 787లో నాలుగు పెద్ద జెనరేటర్లు, ఒక్కొక్కటి 250 కె.వి.ఏ. వెనుకటి విమానాల్లో ఇంజను నుంచి తీసిన వేడిగాలితో జరిగే పనులు కొన్ని ఇందులో కరెంటుతోనే జరుగుతాయి. అంటే రాను రాను వైరు మీద బరువు పెరుగుతోందే గాని తగ్గడం లేదు.

ఇంత ఉన్నా, చాలాకాలం వైరుని ఒక వస్తువుగా ఎవరూ లెక్కచెయ్యలేదు. రెక్క, ఇంజను, చక్రం - వీటికి తనిఖీల పట్టికలు ఉండేవి. వైరు మాత్రం అమర్చి మరచిపోయే సరుకు. ఫలానా పరికరం పనిచేయకపోతే అప్పుడు వైరు కోసం వెతికేవారు.

ఆ మరపు వదలడానికి రెండు ప్రమాదాలు జరగవలసి వచ్చింది. 1996 జూలై 17న న్యూయార్కు నుంచి పారిస్ బయలుదేరిన ట్రాన్స్ వరల్డ్ వారి 747, లేచిన పన్నెండు నిమిషాలకి గాలిలో పేలిపోయింది. 230 మంది పోయారు. నాలుగేళ్ళ దర్యాప్తు తేల్చిందేమంటే, మధ్య ట్యాంకులో ఆవిరులు అంటుకున్నాయి. అందుకు చాలావరకు కారణం, ట్యాంకు బయట ఎక్కడో షార్టయి, ఇంధనం మట్టం కొలిచే సన్నని తీగెల్లోకి ఉండకూడనంత వోల్టేజి పోవడం. ఫలానా తీగె అని వేలుపెట్టి చూపలేకపోయారు. ఆ విమానం వయస్సు 25 ఏళ్ళు. సముద్రంలోంచి తీసిన ముక్కలని తిరిగి కూర్చి, వర్జీనియాలో దర్యాప్తు అధికారుల శిక్షణకి 2021 వరకు పాఠంగా వాడారు. పుస్తకం కాని పాఠ్యపుస్తకం అది.

రెండవది 1998 సెప్టెంబరు 2న, స్విస్ఎయిర్ 111. న్యూయార్కు నుంచి జెనీవా వెళుతుంటే కాక్‌పిట్‌లో ఏదో వాసన వేసింది. అక్కడి నుంచి ఇరవై నిమిషాల చిల్లరలో కెనడా తీరాన సముద్రంలో పడిపోయింది. 229 మంది. కాక్‌పిట్ పైకప్పు దగ్గర వైర్లలో పుట్టిన మెరుపు, దాని పక్కనే పరచిన ఇన్సులేషన్ దుప్పటి పైపొరకి అంటుకుంది. మెరిసిన వైర్లలో ఒక జత ప్రయాణీకుల వినోదం కోసం తరువాత అమర్చిన వ్యవస్థది. సినిమాల కోసం వేసిన తీగె!

వీటి తరువాత అమెరికా వారు పాత విమానాలని విప్పి లోపల చూడటానికి ఒక కమిటీ వేశారు. అందరూ ముసలి వైర్లు పుచ్చిపోయి ఉంటాయనుకున్నారు. తీరా చూస్తే, వైరు పాడవడానికి వయస్సొక్కటే కారణం కాదు. అది ఎక్కడ ఉంది, దాని మీద ఏం కారుతోంది, పక్కన ఎవరు ఏ పని చేశారు - ఇవీ కారణాలే. 2007లో కొత్త రూల్సు వచ్చాయి. అప్పటి నుంచి వైర్లు, క్లాంపులు, కనెక్టర్లు అన్నీ కలిపి ఒక ప్రత్యేక వ్యవస్థ. దానికి ఇ.డబ్ల్యు.ఐ.ఎస్. అని పేరు, మేము ముద్దుగా "ఈవిస్" అంటాం. మన డి.జి.సి.ఏ. లైసెన్సు పరీక్షల్లో మాడ్యూల్ 7లో ఇదొక పాఠం. అన్నట్టు ఈ పరీక్షల్లో నూటికి 75 రాకపోతే ఫెయిలు. మన కాలేజీలో నలభైకి కొబ్బరికాయ కొట్టినవాళ్ళు ఈ సంగతి గమనించగలరు.

క్లాసులో మొదటి తగాదా సర్క్యూట్ బ్రేకరు దగ్గర వస్తుంది. "బ్రేకరుంది కదా సార్, షార్టయితే అదే పడిపోతుంది" అంటారు, ముఖ్యంగా మన బి.టెక్ కుర్రాళ్ళు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి తీగె వేసే మహానుభావులు మన వీధికొకరు ఉంటారు గదా, వాళ్ళ గురించి చెప్పి అసలు సంగతిలోకి వస్తాను. మామూలు బ్రేకరు వేడికి పడుతుంది. తొడుగు చిట్లిన వైరు అప్పుడో మెరుపు ఇప్పుడో మెరుపుగా, సెకనులో వెయ్యోవంతు చొప్పున రాలుస్తుంటే, బ్రేకరు వేడెక్కే లోపలే ఆ మెరుపు ఆరిపోతుంది. మెరిసిన చోట మాత్రం వేల డిగ్రీలు. కొన్ని రకాల తొడుగులు, ఉదాహరణకి కాప్టాన్, అలా కాలి బొగ్గవుతాయి. బొగ్గు కరెంటుకి దారి. అందుకనే పడిన బ్రేకరుని కారణం తెలియకుండా మళ్ళీ నొక్కకూడదని అంత గట్టిగా చెబుతాం. నొక్కితే ఆ బొగ్గుదారినే మళ్ళీ పిలిచినట్టు.

కాబట్టి దిక్కు కన్నే. "సాధారణ దృశ్య పరిశీలన" అంటే మా పుస్తకంలో ఒక లెక్క ఉంది: చెయ్యి అందేంత దూరం నుంచి, చాలినంత వెలుతురులో, అవసరమైతే అద్దం పట్టి చూడాలి. చెయ్యి అందాలి, కాని చెయ్యి వెయ్యకూడదు! ఇక్కడే కొత్తవాళ్ళు తికమకపడతారు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న వైరు కట్టని "బాగుందా లేదా" అని గుంజి చూస్తే, బాగున్నది కాస్తా చిట్లుతుంది. తొడుగు మీద రాపిడి మెరుగు, క్లాంపు రబ్బరు జారిపోవడం, వైరు దాని లావుకి పది రెట్ల కంటే చిన్న మలుపు తిరగడం, టాయిలెట్ నీటి నీలం మరక, దుప్పట్ల నుంచి రాలిన నూగు, ఎవరో డ్రిల్లు చేసి ఊడ్చకుండా పోయిన లోహపు రజను. ఈ రజను అన్నిటికన్నా దుర్మార్గం. కట్టలోకి దూరి, విమానం ఊగినప్పుడల్లా రంపంలా కోస్తుంది. అది వైరు ముసలితనం కాదు, మన చేతి చలవ.

1999 జూలైలో కొలంబియా షటిల్ లేచిన అయిదు సెకన్లకి షార్టయి, రెండు ఇంజన్ల తాలూకు కంట్రోలు కంప్యూటర్లు ఒక్కొక్కటి పడిపోయాయి. జంట కంప్యూటర్లు ఉండబట్టి గట్టెక్కారు. దిగాక వెతికితే, ఒక స్క్రూ తల మీది చిన్న బొడిపెకి వైరు రాసుకుని తొడుగు పోయింది. దాని కోసం షటిళ్ళన్నీ ఆపి కిలోమీటర్ల కొద్దీ వైర్లు తనిఖీ చేశారు. స్క్రూ ఖరీదు ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

ఈ చూపు మార్కులని బట్టి రాదు. ఒక బ్యాచ్‌లో పోచంపల్లి నుంచి మగ్గం ఇంటి కుర్రవాడు ఒకడు వచ్చాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం, ఓమ్స్ లా దగ్గర కూడా తడబడేవాడు. కాని బోర్డు మీద పాత వైరు కట్ట పెట్టి లోపాలు కనిపెట్టమంటే, తక్కిన వాళ్ళు ఏడో ఎనిమిదో చెప్పిన చోట పదమూడు చెప్పాడు. నేను పెట్టినవి పన్నెండే! పదమూడోది నాకు తెలియకుండా కట్టలో ఉన్నది. "ఎట్ల పట్టినవురా?" అని అతని పక్కవాడు అడిగితే, "పోగు ఉబ్బితే కనబడదా అన్నా" అన్నాడు. పరీక్ష మాత్రం మూడోసారికి గాని గట్టెక్కలేదు. ఈ పరీక్షల పద్ధతి మీద నాకున్న అభిప్రాయం ఇక్కడ వ్రాస్తే సంపాదకులు కత్తిరిస్తారు, వదిలేస్తున్నాను.

చూడటం కన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. అది చూడలేదని చెప్పడం.

ఒక చెక్ జరుగుతోంది. కంపెనీ పేరు అనవసరం. రాత్రి రెండు దాటింది, విమానం పొద్దున్న ఆరున్నరకి బయలుదేరాలి. వెనుక టాయిలెట్ కింద వైరు కట్టలు చూసే కార్డు మిగిలింది. మొదటి గడిలో పనిచేసినవారు, రెండవ గడిలో లైసెన్సు ఉన్నవారు సంతకం పెట్టాలి. రెండవ గడి నాది. మొదటిది, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మా దగ్గర శిక్షణ ముగించిన ఒక అమ్మాయిది. ఆమె టార్చీ, అద్దం పట్టుకుని బయటికి వచ్చి, "సార్, రెండు క్లాంపుల మధ్య జానెడు మేర కనబడటం లేదు. డక్టు అడ్డం వస్తోంది" అంది.

షిఫ్టు చూసే మేనేజరు అక్కడే ఉన్నాడు. "అటుపక్క బాగుందా?" "బాగుంది సార్." "ఇటుపక్క?" "బాగుంది సార్." "మరి మధ్యలో ఏముంటుందమ్మా?"

"అదే నాకు తెలీదు సార్. చూశానని ఎలా వ్రాయను?"

గొంతు పెంచలేదు. అద్దం చేతిలో తిప్పుతూ నిలబడింది. అతను నావైపు చూశాడు. ఆ జానెడు చూడాలంటే టాయిలెట్ గూడంతా ఊడదీయాలి. నాలుగు గంటల పని. అతని బాధ అబద్ధం కాదు. పొద్దున్న గేటు దగ్గర నూట యాభై మంది నిలబడి అరిచేది అతని మీదే. నేను "ఊడదీయండి" అన్నాను.

ఊడదీశాం. అక్కడ ఏమీ లేదు. కాస్త నూగు ఉంటే తుడిచాం. వైరు కొత్తదానిలా ఉంది. విమానం తొమ్మిది దాటాక వెళ్ళింది. ఆలస్యానికి సంజాయిషీ వ్రాసిమ్మని నాకొక కాగితం వచ్చింది. ఆ కార్డు నకలు జతచేసి పంపాను. హేంగర్లో కొన్నాళ్ళు "జానెడు మేడమ్" అని ఆమెకి పేరు పడింది.

ఇది క్లాసులో చెబితే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి, "అయితే సార్, ఆ నాలుగు గంటలు దండగేనా?" అంటారు. మిగతావాళ్ళు నవ్వుతారు. నేను ఆ కార్డు నకలు బోర్డుకి అంటించి, అందులో ఆమె వ్రాసినది చదవమంటాను. "చూడబడినది. లోపము లేదు." రెండే ముక్కలు. లోపం లేదన్న ముక్క వరకే ఆ రాత్రి అందరం తొందరపడ్డాం. దానికి ముందున్న ముక్క కోసం ఆ పిల్ల నిలబడింది.

తరువాతి చెక్‌కి ఆ మేనేజరే నాకు ఫోను చేసి, "అద్దం పట్టుకుని తిరిగేది, ఆ అమ్మాయిని వెయ్యండి సార్ వెనుక భాగానికి" అన్నాడు. ఆమెకి అప్పటికే బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. పోచంపల్లి వాణ్ణి వేశాను.