బీడీ రానివ్వని రాజ్యం

మొన్న సెలవుల్లో బెంగుళూరు నుంచి మా మనవరాలు వచ్చింది. వచ్చిన పూటే రెండు ముంజేతులకూ అట్టముక్కలు చుట్టుకుని, వాటిమీద వెండికాగితం అంటించుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి "అవ్వా, నన్ను తుపాకీతో కాల్చు" అంది. నా చేతిలో ఉన్నది అట్లకాడ. సరే, దాంతోనే కాల్చాను. గాజులు అడ్డంపెట్టి తూటాలన్నీ ఆపేసింది.

తను వండర్ ఉమన్ అట. రాత్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని 2017లో వచ్చిన ఆ సినిమా చూపించింది. యుద్ధాలు నాకు తలకెక్కలేదు గానీ, మొదట్లో ఆ పిల్ల పుట్టిన దీవిని మాత్రం కన్నార్పకుండా చూశాను. మగపురుగన్నది లేదు. గుర్రాలెక్కేదీ, కత్తి తిప్పేదీ, రాజ్యమేలేదీ అంతా ఆడవాళ్లే. అలాంటిచోట కూడా, డయానా కత్తి పడతానంటే తల్లి హిప్పోలిటా మహారాణి వద్దంటుంది. తల్లి తోబుట్టువు చాటుగా నేర్పిస్తుంది. స్వర్గంలో ఉన్నా అమ్మలకు భయం తప్పదన్నమాట!

ఈ కథను 1941లో అమెరికాలో విలియం మార్స్టన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త మొదలుపెట్టాడు. అందులో ఆ గాజుల సంగతి తెలిశాక నాకు అట్లకాడ కిందపెట్టి ఆలోచించాలనిపించింది. పూర్వం హెర్క్యులీసు ఆ ఆడవాళ్లను మోసంచేసి సంకెళ్లు వేశాడట. విడుదలయ్యాక, ఆ చెర మరిచిపోకుండా కడియాలు వేసుకునే తిరగమని దేవత ఆజ్ఞ. మనవాళ్లు పిరికి మగాణ్ణి "గాజులు తొడుక్కో" అంటారు. అక్కడ గాజులే తూటాను ఆపుతాయి.

మనకూ ప్రమీల ఉందనుకోండి. యాగాశ్వాన్ని పట్టుకుని అర్జునుణ్ణి నిలదీసిన స్త్రీరాజ్యపు రాణి. 1965లో వచ్చిన 'ప్రమీలార్జునీయం'లో రామారావు పక్కన బి. సరోజాదేవి గుర్తుందా? ఆ ప్రమీల కథ చివరికి పెళ్లిలో తేలింది. ఆవిడ వెళ్లిపోయాక ఆ రాజ్యం సంగతేమిటో నాకెవరూ చెప్పలేదు.

సినిమా అయ్యాక మనవరాలు "అలాంటి ఊరు నిజంగా ఉంటుందా అవ్వా?" అంది.

"ఉండేది. రొళ్లలో, మా ఇంటి వెనకగది" అన్నాను.

మా రొళ్ల మడకశిర అవతల, కర్ణాటక అంచున ఉంది. నోరు తెరిస్తే సగం కన్నడం, సగం తెలుగు. వానకోసం మెడలు పట్టేసేలా ఆకాశం చూసే ఊరు. దాన్ని స్వర్గమంటే దేవుడే నవ్వుతాడు. ఆ వెనకగదిలో మా అవ్వ పట్టుపురుగులు పెంచేది. పొగాకు పట్టుపురుగుకు విషం. మా తాత, నాయన, చిన్నాయన, ముగ్గురికీ బీడీ లేనిదే తెల్లారదు. అంచేత పురుగు గూడు కట్టేదాకా, సుమారు నెల్లాళ్లు, వాళ్లకు ఆ గడప దాటే వీల్లేదు. కాపలా నేను. పన్నెండేళ్ల పిల్లని "తాతా, బీడీ పారేసి చేతులు కడుక్కుని రా" అంటే, ఊరికి పంచాయితీలు చెప్పే మనిషి మారుమాట్లాడకుండా వెనక్కి తిరిగేవాడు! ఆ మాటే నడింట్లో అని ఉంటే చెంప పగిలేది.

లోపల అమ్మ, చిన్నమ్మ మల్బరీ ఆకు తరుగుతూ కూర్చునేవాళ్లు. బయట గొంతు వినిపించని మా అమ్మ అక్కడ పగలబడి నవ్వేది, తాత నడకను అనుకరించి చూపించేది. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు ఆకు నములుతుంటే అచ్చం వాన చప్పుడు. బయట పడని వాన మా గదిలో పడేది.

గూళ్లు విప్పిన రోజు తలుపులు బార్లా తెరిచేవాళ్లు. తాత లోపలికొచ్చి మొట్టమొదట చేసేపని బీడీ వెలిగించడం. మా రాజ్యం అంతటితో సరి. గూళ్లు హిందూపురం తీసుకుపోయేదీ, డబ్బు నడుముకు కట్టుకొచ్చేదీ ఆయనే.

నేను పదో తరగతి పాసయ్యాక నాయన "ఇంక చాలు" అన్నాడు. అమ్మ తల వంచుకుంది. అవ్వ ఏమీ అనలేదు. ఆ పంట గూళ్లు మాత్రం తనే మూటలు కట్టించి, నన్ను వెంటేసుకుని హిందూపురం బస్సెక్కింది. అంతకుముందు మడకశిర దాటి ఎరగని మనిషి! బేరగాడు "మీ ఇంట్లో మొగోళ్లు రాలేదా అవ్వా?" అంటే, "వాళ్లు బీడీ తాగతా ఉండారు నాయనా" అంది. తూకం చీటీ నేను చదివాను. డబ్బు ఆవిడ కొంగున ముడేసుకుంది. నా కాలేజీ ఫీజు పక్కన పెట్టి, మిగిలింది తాత చేతిలో పోసింది. తాత పదిహేను రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం వేళకు సంగటి పెట్టింది.

తర్వాత ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. నోరు పెద్దదని అత్తగారింట్లో పేరు తెచ్చుకున్నాను. ఆ నోరు ఎక్కడ పెరిగిందో వాళ్లకేం తెలుసు! కానీ అమ్మ కూడా అదే గదిలో నవ్వింది కదా, ఆమె గొంతు ఆ గడప ఎందుకు దాటలేదని అప్పుడప్పుడూ నిద్ర పట్టదు. నన్ను అవ్వ బస్సెక్కించింది. అమ్మను ఎవరెక్కించారు?

ఆ రాజ్యం చూడాలని మనవరాలు ఒకటే గొడవ. తీసుకెళ్లాను. వెనకగది లేదు, దాని స్థానంలో మా తమ్ముడు సిమెంటు షెడ్డు వేయించాడు. తట్టల మధ్య తిరుగుతుంటే వాడు నోట్లో బీడీతో గుమ్మంలోకొచ్చి "ఏమక్కా, ఎప్పుడొచ్చినారు?" అన్నాడు. నేను నోరు విప్పేలోపే మనవరాలు వెళ్లి వాడికి అడ్డంగా నిలబడింది. వెండికాగితం గాజులు రెండూ ఎదురుగా పెట్టి "బీడీ పారేసి రా తాతా" అంది.

వాడు నావంక చూశాడు. నేను మల్బరీ ఆకు చూస్తున్నాను. చివరికి బీడీ విసిరేసి, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి నడిచాడు.